తెరుచుకోవడం, మూసుకోవడం, మొరాయించడం

ఈ నెల ప్రశ్నలన్నీ నాడీకణాల అయాన్ చానెళ్ల గురించే. అంటే కణం పొరలో అయాన్లు (ఆవేశమున్న పరమాణువులు) రాకపోకలు సాగించే ప్రొటీన్ రంధ్రాల గురించి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. వైద్యం ప్రస్తావన వచ్చినచోట మోతాదులు కూడా ఇచ్చాం. అవి సంగతి అర్థం కావడానికే, ఇంట్లో ప్రయోగించడానికి కాదు.

సోడియం లోపలికి వస్తుంది, పొటాషియం బయటికి పోతుంది, తర్వాత పంపు వాటిని మళ్లీ సర్దుతుంది అని మా పుస్తకంలో ఉంది. అంటే పంపు ఆగితే నాడి రెండో సంకేతం పంపలేదా?
— బైపీసీ విద్యార్థిని, ఖమ్మం

పంపుతుంది. లావుపాటి నాడి అయితే వేలసార్లు పంపుతుంది. ఈ మూడు మెట్లనూ ఒకదాని కింద ఒకటి రాయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పైకి లేచిన వోల్టేజీని కిందికి దించేది పంపు కాదు, పొటాషియం చానెళ్లు. పంపు పని వేరు. అది అయాన్ల నిల్వల్లో తేడాను కాపాడుతుంది.

లెక్క వేసి చూడండి. మన నాడీకణం లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌లు, బయట 4. సోడియం లోపల 12, బయట 145. ఏ వోల్టేజీ దగ్గర ఒక అయాన్ రాకపోకలు సరితూగుతాయో చెప్పేది నెర్న్‌స్ట్ సూత్రం. శరీర ఉష్ణోగ్రత దగ్గర అది ఇలా ఉంటుంది: 61.5ను (బయటి గాఢత ÷ లోపలి గాఢత) లాగరిథంతో గుణించాలి. పొటాషియానికి −95 మిల్లీవోల్టులు, సోడియానికి +67 వస్తాయి. ఏ చానెళ్లు ఎక్కువగా తెరిచి ఉంటే పొర వోల్టేజీ ఆ అయాన్ అంకె వైపు జరుగుతుంది. విశ్రాంతిలో పొటాషియం దారులే ఎక్కువ తెరిచి ఉంటాయి, కాబట్టి −70 దగ్గర నిలుస్తుంది. సోడియం చానెళ్లు తెరుచుకోగానే సున్నా దాటి పైకి పోతుంది.

ఇందుకు ఎన్ని అయాన్లు కదలాలి? పొర కెపాసిటెన్సు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 మైక్రోఫారడ్. 100 మిల్లీవోల్టులు మార్చడానికి చదరపు సెంటీమీటరుకు ఒక పికోమోల్ చాలు. అంటే మోల్‌లో లక్ష కోట్లవ వంతు. సోడియం వస్తుండగానే పొటాషియం పోతుంటుంది కనుక స్క్విడ్ అనే సముద్రజీవి నాడిలో అసలు ఖర్చు దీనికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. అయినా అర మిల్లీమీటరు లావున్న ఆ నాడిలోని పొటాషియం నిల్వతో పోలిస్తే, ఒక్కో సంకేతానికి పోయేది పది లక్షల్లో ఒక వంతు కూడా ఉండదు. 1955లో హాడ్జ్‌కిన్, కీన్స్ అనే శాస్త్రవేత్తలు డైనైట్రోఫినాల్ అనే రసాయనంతో పంపును ఆపేసి చూశారు. సంకేతాలు సాగుతూనే ఉన్నాయి.

అయితే ఈ ధీమా సన్న నాడులకు వర్తించదు. ఒక మైక్రాన్ లావున్న పోగులో లోపలి ఘనపరిమాణం బహు తక్కువ. ఒక్కో సంకేతానికి లోపలి సోడియం సుమారు అర శాతం పెరుగుతుంది. సెకనుకు యాభై సంకేతాలు పంపితే పంపుకు ఊపిరి సలపదు. కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒక్కోదాని ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే ఈ పంపు మెదడు ఖర్చులో పెద్ద పద్దు. శరీర బరువులో రెండు శాతం ఉండే మెదడు మొత్తం శక్తిలో ఇరవై శాతం ఎందుకు తింటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

సోడియం అయాన్ పొటాషియం కంటే చిన్నది కదా, పొటాషియం చానెల్‌లోంచి అది ఎందుకు పోదు?
— డిగ్రీ అధ్యాపకురాలు, తెనాలి

చిన్నది కాబట్టే పోదు. నీటిలో ఏ అయానూ ఒంటరిగా ఉండదు. చుట్టూ నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. చానెల్‌లోని సన్నని భాగంలోకి రావాలంటే ఆ నీటిని వదిలించుకోవాలి, అందుకు శక్తి కావాలి. పొటాషియం చానెల్‌లో ఈ సన్నని భాగం సుమారు 12 ఆంగ్‌స్ట్రాముల పొడవు (ఆంగ్‌స్ట్రాము అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు). థ్రియోనిన్, వాలిన్, గ్లైసిన్, టైరోసిన్, గ్లైసిన్ అనే అయిదు అమైనో ఆమ్లాల వరస అది. వాటి ఆక్సిజన్ పరమాణువులు రంధ్రంలోకి తిరిగి ఉంటాయి. 1.33 ఆంగ్‌స్ట్రాముల వ్యాసార్థమున్న పొటాషియానికి అవి సరిగ్గా నీటి అణువులు పట్టుకున్నంత దూరంలోనే అందుతాయి. వదిలిన దానికీ దొరికిన దానికీ చెల్లు. 0.95 ఆంగ్‌స్ట్రాముల సోడియానికి ఆ ఆక్సిజన్లు అందవు. నీటిని వదులుకుంటే నష్టమే, అందుకని లోపలికి రాదు.

ఇది ఊహ కాదు. రోడెరిక్ మెకినన్ బృందం 1998లో స్ట్రెప్టోమైసిస్ లివిడాన్స్ అనే బాక్టీరియా చానెల్‌ను స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాలతో దాని నిర్మాణాన్ని చూసింది. 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇంత నిక్కచ్చిగా ఏరుతూనే ఈ చానెల్ సెకనుకు కోటి నుంచి పది కోట్ల అయాన్లను వదలగలదు. లోపల ఒకదాని వెనుక ఒకటి నిలిచిన పొటాషియం అయాన్లు పరస్పరం నెట్టుకోవడం వల్లే ఆ వేగం.

సోడియం చానెల్ పద్ధతి వేరు. దాని వడపోత కాస్త వెడల్పు. సోడియం కొంత నీటిని వెంటబెట్టుకునే దాటుతుంది.

ఇన్‌యాక్టివేషన్ అంటే చానెల్ మూసుకోవడమే కదా? రెండు పేర్లెందుకు?
— బీఎస్సీ విద్యార్థి, వరంగల్

కాదు. ఈ ఒక్క తేడా పట్టుబడితే ఈ పేజీలోని మిగతా జవాబుల్లో సగం మీరే చెప్పేస్తారు.

సోడియం చానెల్‌కు మూడు స్థితులున్నాయి. మూసుకుని ఉన్నప్పుడు అయాన్లు పోవు, కానీ వోల్టేజీ పెరిగితే తెరుచుకోవడానికి సిద్ధం. తెరుచుకున్నాక మిల్లీసెకను అటూ ఇటూ తెరిచి ఉంటుంది. ఆ తర్వాత మొరాయిస్తుంది. ఇన్‌యాక్టివేషన్‌ను ఇక్కడ ఇలాగే పిలుద్దాం. మొరాయించిన చానెల్ ఎంత వోల్టేజీ ఇచ్చినా తెరుచుకోదు. పొర మళ్లీ −70 వైపు దిగి, అక్కడ కొన్ని మిల్లీసెకన్లు నిలిస్తేనే అది మూసుకున్న స్థితికి తిరిగొస్తుంది. సంకేతం ఒకే దిక్కుకు సాగడం, వెనక్కి మళ్లకపోవడం, రెండు సంకేతాల మధ్య విరామం తప్పనిసరి కావడం, అన్నిటికీ మూలం ఇదే.

తెరిచే భాగం ఒకటి, మొరాయించే భాగం ఇంకొకటి. తెరిచేది ఎస్4 అనే హెలిక్స్, అంటే స్ప్రింగులా మెలి తిరిగిన ప్రొటీన్ ముక్క. దాని మీద ప్రతి మూడో స్థానంలో ఆర్జినినో లైసినో ఉంటుంది, రెండూ ధనావేశమున్నవే. పొర లోపలివైపు రుణావేశం తగ్గగానే ఎస్4 బయటివైపు జరిగి తలుపు లాగుతుంది. ఆ కదలికే చిన్న విద్యుత్ ప్రవాహం. దాన్ని 1973లో ఆర్మ్‌స్ట్రాంగ్, బెజనిల్లా కొలిచారు.

మొరాయింపు సంగతి మొదట స్పష్టమైంది ఈగల వల్ల. ఈథర్ మత్తులో కాళ్లు వణికించే షేకర్ అనే డ్రోసోఫిలా (పండ్ల ఈగ) రకం ఉంది. దాని జన్యువు 1987లో దొరికింది, అది పొటాషియం చానెల్‌ది. ఆ ప్రొటీన్ మొదట్లోని ఇరవై చిల్లర అమైనో ఆమ్లాలు సింకు రంధ్రం పక్కన గొలుసుకు వేలాడే బిరడాలా పనిచేస్తాయి. చానెల్ తెరుచుకోగానే లోపలివైపు నుంచి వచ్చి రంధ్రాన్ని మూసేస్తాయి. 1990లో ఆ ముక్కను కోసేస్తే మొరాయింపు పోయింది. అదే ముక్కను విడిగా తయారు చేసి కణద్రవం వైపు పోస్తే తిరిగొచ్చింది. సోడియం చానెల్ గొలుసులో నాలుగు భాగాలుంటాయి. వాటిలో మూడు, నాలుగు భాగాల మధ్య వంతెన మీద ఐసోల్యూసిన్, ఫినైల్‌అలనిన్, మెథియొనిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు ఈ పని చేస్తాయి. అవీ రంధ్రంలోకే దూరతాయని చాలాకాలం అనుకున్నారు. 2017 నుంచి వచ్చిన నిర్మాణ చిత్రాలు చూస్తే అవి పక్కనున్న గాడిలో ఇరుక్కుని, అక్కడి నుంచి రంధ్రాన్ని నొక్కి మూస్తున్నాయి. పాత బొమ్మలు ఇంకా పుస్తకాల్లో ఉన్నాయి.

ఇంకొక అంకె గుర్తుంచుకోండి. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నాడికి వేసిన లెక్క ప్రకారం, విశ్రాంతిలోనే సోడియం చానెళ్లలో 40 శాతం మొరాయించి ఉంటాయి. పొర వోల్టేజీ ఇంకో పది, పదిహేను మిల్లీవోల్టులు పైకి జరిగి అక్కడే ఉండిపోతే చాలా భాగం పనికిరాకుండా పోతాయి.

పన్ను కింద చీము పట్టినప్పుడు మత్తు ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి తెలుస్తూనే ఉంటుంది. మందు నాసిరకమా?
— నరసరావుపేట, భీమవరం పాఠకులు

మందు మంచిదే. దాన్ని వేసిన చోటు ఆమ్లంగా ఉండడం అసలు చిక్కు.

ఇలాంటి ఇంజెక్షన్లలో వాడే మత్తుమందు లిగ్నోకెయిన్. అది సోడియం చానెల్‌ను బయటినుంచి మూయదు. ముందు నాడి పొరలోంచి లోపలికి దూరాలి, తర్వాత లోపలివైపు నుంచి రంధ్రంలోకి వచ్చి అంటుకోవాలి. పొర దాటేది ఆవేశం లేని రూపం, లోపల ఎక్కువగా అంటుకునేది ధనావేశమున్న రూపం. శాశ్వతంగా ఆవేశముండే క్యూఎక్స్-314 అనే దగ్గరి చుట్టాన్ని నాడి బయట పోస్తే ఏమీ కాదు, లోపలికి ఎక్కిస్తే పనిచేస్తుంది. లిగ్నోకెయిన్ పీకేఏ, అంటే సగం మందు ఆవేశంతో, సగం ఆవేశం లేకుండా ఉండే పీహెచ్, 7.9. మామూలు కణజాలం పీహెచ్ 7.4 దగ్గర నాలుగో వంతు మందు ఆవేశం లేకుండా ఉంటుంది. చీము పట్టిన చోట పీహెచ్ 6.4కు పడితే అది మూడు శాతమే. అంటే లోపలికి పోగలిగింది ఎనిమిదో వంతుకు తగ్గింది. దీనికి తోడు వాచిన చోట రక్తప్రవాహం ఎక్కువ, ఉన్న మందూ త్వరగా కొట్టుకుపోతుంది.

అందుకే అనుభవమున్న దంతవైద్యులు వాపులోకి గుచ్చరు. కింది దవడ అయితే నాడి ఎముకలోకి ప్రవేశించే చోట, వాపుకు దూరంగా బ్లాక్ (ఆ నాడి మొత్తాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇస్తారు. చీము తీసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇచ్చి, తర్వాత పన్ను సంగతి చూస్తారు. కొందరు 8.4 శాతం సోడియం బైకార్బొనేట్‌ను 1 : 10 పాళ్లలో కలిపి పీహెచ్ పెంచుతారు. కలిపిన వెంటనే వాడాలి, నిల్వ ఉంచితే మందులో కలిపి ఉండే అడ్రినలిన్ చెడిపోతుంది. బుపివకెయిన్ అనే మరో మత్తుమందుతో ఈ పాళ్లు పనికిరావు, తెల్లగా పేరుకుపోతుంది.

పనిచేయలేదని అదే చోట గుచ్చుతూ పోవడం ప్రమాదం. లిగ్నోకెయిన్‌కు అడ్రినలిన్ లేకుండా కిలోకు సుమారు 4.5 మిల్లీగ్రాములు, ఉంటే 7 మిల్లీగ్రాములు హద్దు. 2 శాతం మందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములుంటాయి కనుక, 50 కిలోల మనిషికి అడ్రినలిన్ లేనిది 11 మిల్లీలీటర్లు దాటకూడదు. దాటితే పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, తర్వాత మూర్ఛ, చివరకు గుండె లయ చెడడం. అప్పుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ కిలోకు 1.5 మిల్లీలీటర్లు సిరలోకి ఎక్కిస్తారు.

మొరాయింపు ఇక్కడా పనికొస్తుంది. లిగ్నోకెయిన్ తెరుచుకున్న, మొరాయించిన చానెళ్లనే గట్టిగా పట్టుకుంటుంది. ఎడతెగకుండా సంకేతాలు పంపే నాడి దానికి ముందు చిక్కుతుంది. బెర్టిల్ హిల్ 1977లో ఈ సూత్రాన్ని స్పష్టంగా రాశారు. ఫినైటాయిన్, కార్బమజెపిన్ లాంటి మూర్ఛమందులూ ఇదే దారిలో పనిచేస్తాయి. అతిగా మోగే కణాలను అణచి, మామూలువాటిని చాలావరకు వదిలేస్తాయి. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పసితనంలో జ్వరంతో మొదలై ఎంతకీ తగ్గని డ్రావెట్ మూర్ఛలో ఎస్‌సీఎన్1ఏ జన్యువు ఒక ప్రతి పనిచేయదు. అణచే నాడీకణాలకే సోడియం చానెళ్లు తక్కువవుతాయి. వాళ్లకు ఈ మందులిస్తే మూర్ఛలు పెరుగుతాయి.

ఎర్ర తేలు చిన్నదే అయినా పిల్లల ప్రాణం తీస్తుందంటారు, పెద్ద మండ్రగబ్బ కుడితే అంత కాదంటారు. నిజమేనా? ఏం చేయాలి?
— రైతు, అనంతపురం జిల్లా. ఆశా కార్యకర్త, నల్లగొండ జిల్లా

నిజమే. మన దేశపు ఎర్ర తేలు, హొటెన్‌టోటా టామ్యులస్, విషంలోని ఆల్ఫా రకం టాక్సిన్లు సోడియం చానెల్ నాలుగో భాగంలోని ఎస్4ను బయటివైపు జరగనివ్వవు. మొరాయింపు మొదలు కావాలంటే ఆ ఎస్4 జరగాలి. అది జరగదు కనుక తెరుచుకున్న చానెల్ తెరిచే ఉంటుంది. ఒక సంకేతం పోవాల్సిన చోట వరసగా సంకేతాలు పోతాయి. మన చేతిలో లేని స్వయంచాలక నాడులు అదేపనిగా మోగి, అడ్రినలిన్, నారడ్రినలిన్ రక్తంలోకి వెల్లువెత్తుతాయి. అదే విషంలో ఐబీరియోటాక్సిన్ అనే 37 అమైనో ఆమ్లాల ముక్క కూడా ఉంది. అది ఒక రకం పొటాషియం చానెల్‌ను మూసేస్తుంది. అంటే ఒకవైపు యాక్సిలరేటర్ నొక్కిపట్టి మరోవైపు బ్రేకు కోసినట్టు.

కుట్టినచోట విపరీతమైన నొప్పి ఒక్కటే ఉండి ఇంకేమీ లేకపోతే సాధారణంగా అది ప్రాణం మీదికి రాదు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: వాంతులు, ఒళ్లంతా చెమట, నోటినుంచి చొంగ, మగపిల్లల్లో అంగం గట్టిపడడం, చేతులూ కాళ్లూ చల్లబడడం. వీటి తర్వాత ఆయాసం, నురుగుతో దగ్గు మొదలైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టే. పిల్లలను నొప్పి తగ్గిందని ఇంటికి పంపకుండా 24 గంటలు కనిపెట్టి ఉండాలి.

మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే బీపీ మాత్రను దీనికి వాడి చూపారు. రక్తనాళాలు బిగుసుకుపోవడాన్ని అది నేరుగా విడదీస్తుంది. మోతాదు కిలోకు 30 మైక్రోగ్రాములు, నోటి ద్వారా. 15 కిలోల బిడ్డకు దాదాపు అర మిల్లీగ్రాము. చేతులూ కాళ్లూ వెచ్చబడేదాకా మూడు గంటలకోసారి. మామూలు మాత్రే వాడాలి, నెమ్మదిగా కరిగే రకం పనికిరాదు. మాత్ర వేశాక లేపి కూర్చోబెడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, కాబట్టి పడుకోబెట్టే ఉంచాలి. తేలు విషానికి విరుగుడు సీరం కూడా ఉంది. ప్రాజోసిన్‌తో కలిపి ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో బావస్కర్ దంపతులు ప్రచురించిన పరీక్షలో తేలింది. అట్రోపిన్ ఇవ్వకూడదు, గుండె మరింత అదురుతుంది. స్టెరాయిడ్లు, అలర్జీ ఇంజెక్షన్లు ఈ విషం మీద పనిచేయవు. తాడుతో బిగించి కట్టడం, కోసి పిండడం వల్ల ఉపయోగం లేదు సరికదా పుండవుతుంది. కుట్టినచోటి నొప్పికి డాక్టరు లిగ్నోకెయిన్ వేయవచ్చు. పైన చెప్పినట్టు, వరసగా మోగుతున్న నాడిని పట్టడం దాని స్వభావం.

సోడియం చానెళ్లు నాడీకణాలతో పాటే పుట్టాయా? పరిణామంలో వీటి వరస ఏమిటి?
— జీవశాస్త్రం టీచర్, శ్రీకాకుళం. తెలుగు పాఠకుడు, డాలస్

నాడులకంటే చానెళ్లే పాతవి. బాక్టీరియాలోనే ఉన్నాయి. 2001లో బాసిల్లస్ హాలోడ్యురాన్స్ అనే బాక్టీరియాలో దొరికిన సోడియం చానెల్ 274 అమైనో ఆమ్లాలదే. అలాంటివి నాలుగు కలిస్తే ఒక రంధ్రం. మన చానెల్ దాదాపు 2000 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు, అందులో ఆరేసి హెలిక్సుల భాగాలు నాలుగు. వరసలు పోల్చి చూస్తే ఒకటో భాగానికి మూడోది, రెండోదానికి నాలుగోది దగ్గర. అంటే జన్యువు ఒకసారి రెట్టింపై, ఆ జంట మళ్లీ రెట్టింపైంది.

నాలుగు భాగాలూ ఒకే గొలుసులో చేరడం చిన్న విషయం కాదు. విడివిడిగా ఉన్నప్పుడు నాలుగూ ఒకే అచ్చు. ఒక గొలుసులో ఉన్నప్పుడు ఒక్కో భాగం తనకు తోచినట్టు మారవచ్చు. నాలుగో భాగానికి మొరాయింపు పని, మూడోదానికి సోడియాన్ని ఏరే పని అలాగే వచ్చాయి.

వడపోత దగ్గర నాలుగు భాగాల నుంచి నాలుగు అమైనో ఆమ్లాలు ఎదురెదురుగా నిలుస్తాయి. కాల్షియం చానెళ్లలో నాలుగూ గ్లుటమేట్లే. మన సోడియం చానెళ్లలో వరసగా ఆస్పర్టేట్, గ్లుటమేట్, లైసిన్, అలనిన్. ఈ మధ్యలోని ధనావేశపు లైసిన్ కాల్షియాన్ని రానివ్వదు. 1992లో ఈ లైసిన్, అలనిన్‌ల స్థానంలో గ్లుటమేట్లు పెట్టి చూస్తే సోడియం చానెల్ కాల్షియం చానెల్ గుణాలు చూపింది. రెండక్షరాల దూరమన్నమాట.

మధ్య మెట్టు కూడా దొరికింది. జంతువులకు అతి దగ్గరి ఏకకణ జీవులు కోయనోఫ్లాజెల్లేట్లు. వాటికి నాడులు లేవు. అయినా వాటిలో ఒకటైన మోనోసిగా జన్యుపటంలో సోడియం చానెళ్ల కుటుంబానికి చెందిన జన్యువు ఉందని 2011లో తేలింది. అందులో లైసిన్ స్థానంలో గ్లుటమేట్ ఉంది. జెల్లీచేపల్లో లైసిన్ మన దానికి భిన్నంగా రెండో భాగంలో వచ్చి చేరింది. అంటే సోడియాన్ని ఏరడం ఒకటికి రెండుసార్లు విడివిడిగా కనిపెట్టినట్టు.

కాల్షియం ఉండగా సోడియం ఎందుకు? కణం లోపల కాల్షియం లీటరుకు వంద నానోమోల్‌ల దగ్గర ఉంటుంది. కొంచెం పెరిగినా కండరం ముడుచుకుంటుంది, రసాయనాలు విడుదలవుతాయి, ఎన్నో ఎంజైములు లేస్తాయి. మీటరు పొడవున్న నాడి వెంట ప్రతి అంగుళంలో దాన్ని లోపలికి వదలడం ప్రమాదం. సోడియం 12 నుంచి 12.1 మిల్లీమోల్‌లకు పెరిగితే అడిగేవాళ్లు లేరు. అయితే ఇది తప్పనిసరి కూడా కాదు. మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ పురుగుకు 302 నాడీకణాలున్నాయి, వోల్టేజీ సోడియం చానెల్ జన్యువు ఒక్కటీ లేదు. పొట్టి ఒంటికి కాల్షియం, పొటాషియం సరిపోయాయి.

మనిషిలో తొమ్మిది రకాలున్నాయి. వాటి జన్యువులు 2, 3, 12, 17 క్రోమోజోముల మీద నాలుగు గుంపులుగా ఉన్నాయి. వెన్నెముక జీవుల పూర్వీకుల్లో జన్యుపటం మొత్తం రెండుసార్లు రెట్టింపవడం వల్ల నాలుగు చోట్లు ఏర్పడ్డాయి. 2, 3 క్రోమోజోముల మీద తర్వాత పక్కపక్కనే ప్రతులు పెరిగాయి. నొప్పి నాడుల్లో ఉండే ఎస్‌సీఎన్9ఏ పూర్తిగా చెడితే మనిషికి నొప్పే తెలియదు. ఉత్తర పాకిస్తాన్ కుటుంబాల్లో దీన్ని 2006లో గుర్తించారు. అదే జన్యువు అతిగా పనిచేస్తే పాదాలు మండే ఎరిత్రోమెలాల్జియా. మరో నొప్పి చానెల్ ఎన్ఏవీ1.8ను మాత్రమే మూసే సుజెట్రిజీన్ అనే నొప్పి మందుకు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది.

అదనపు ప్రతి ఎందుకు కలిసొస్తుందో చెప్పడానికి విద్యుత్ చేపల్ని మించిన సాక్ష్యం లేదు. ఎముక చేపల్లో జన్యుపటం మరోసారి రెట్టింపై కండరపు సోడియం చానెల్‌కు రెండు ప్రతులు వచ్చాయి. ఆఫ్రికా మార్మిరిడ్లు, దక్షిణ అమెరికా జిమ్నోటిఫార్మ్‌లు అనే రెండు విద్యుత్ చేపల వర్గాల్లోనూ, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒక ప్రతి కండరాన్ని వదిలి విద్యుత్ అవయవానికి మారింది. చెడినా కండరం ఆగదు కనుక, ఆ ప్రతి త్వరత్వరగా, ముఖ్యంగా మొరాయింపు భాగాల్లో మారిపోయింది. ఒక్కో జాతి విద్యుత్ స్పందన నిడివి వేరుగా ఉండడానికి అది తోడ్పడింది.

ఉచితంగా ఏదీ రాదు. పఫర్ చేప టెట్రోడోటాక్సిన్ సోడియం చానెల్‌ను బయటివైపు నుంచి మూస్తుంది. ఆ చేప చానెల్ మొదటి భాగంలో ఒక వలయపు అమైనో ఆమ్లం మారడంతో విషం దానికే అంటదు. మన గుండె చానెల్‌లో అదే చోట సిస్టీన్ ఉంది. అందుకే ఆ చేప తిన్న మనిషికి ఊపిరి కండరాలు ఆగినా గుండె కొట్టుకుంటూ ఉంటుంది, వెంటిలేటర్ మీద నిలబెడితే బతికే అవకాశముంది. అమెరికా పశ్చిమతీరంలో ఈ విషమే ఉన్న న్యూట్లను (బల్లిలా కనిపించే ఉభయచరాలను) తినే గార్టర్ పాములూ తట్టుకోవడం నేర్చాయి. కానీ బాగా తట్టుకునే పాములు మామూలు పాములంత వేగంగా పాకలేవు.

ముంగిస పాము కాటుకు ఏదో వేరు నమిలి విరుగుడు చేసుకుంటుందట, నిజమా?
— జనగామ

వేరు కథ కల్పన. నాగుపాము విషంలోని ఒక ముఖ్యమైన టాక్సిన్ కండరం మీదుండే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకానికి అంటుకుంటుంది. ఆ గ్రాహకం కూడా అయాన్ చానెలే. వోల్టేజీకి బదులు రసాయనం తగిలితే తెరుచుకుంటుంది. ముంగిస గ్రాహకంలో సరిగ్గా టాక్సిన్ కూర్చునే చోట కొన్ని అమైనో ఆమ్లాలు మారి, ఒక చక్కెర గొలుసు కూడా వచ్చి చేరింది. టాక్సిన్‌కు చోటుండదు. నాగుపాముకూ ఇంచుమించు అక్కడే చక్కెర ఉంది, లేకుంటే తన విషానికి తానే పోయేది. పాముల్ని తినే హనీ బ్యాడ్జర్ అనే జంతువు ఆర్జినిన్‌తో అదే పని చేయించుకుంది. ఈ రక్షణ ఆ టాక్సిన్ వరకే. కాట్లు ఎక్కువైతే ముంగిసా చస్తుంది.

మా తమ్ముడికి 24 ఏళ్లు. రాత్రి పెళ్లి భోజనం చేసి పడుకుని, తెల్లారేసరికి కాళ్లు కదపలేకపోయాడు. పొటాషియం 2.1 అన్నారు. సాయంత్రానికి లేచి నడిచాడు. పక్షవాతమా?
— సిద్దిపేట

మీరు రాసిన తీరుకు పీరియాడిక్ పెరాలసిస్, అంటే అప్పుడప్పుడు వచ్చి పోయే కండరాల చచ్చుదనం, సరిపోతుంది. అన్నం, తీపి ఎక్కువ తిన్నాక ఇన్సులిన్ పెరిగి పొటాషియాన్ని రక్తంలోంచి కండరంలోకి తోస్తుంది. బాగా శ్రమపడి పడుకున్నా అంతే.

ఇక్కడొక విచిత్రం. బయట పొటాషియం తగ్గితే కండరం పొర మరింత రుణంగా మారాలి. ఈ రోగుల్లో తారుమారుగా సుమారు −60కి లేస్తుంది. వంశపారంపర్య రకంలో కాల్షియం లేదా సోడియం చానెల్ ఎస్4 మీది ఒక ఆర్జినిన్ మారి ఉంటుంది. ఆ చోటునుంచే ధనావేశం సన్నగా లోపలికి కారుతుంటుంది. మామూలు రోజుల్లో పొటాషియం చానెళ్లు దాన్ని తట్టుకుంటాయి. బయట పొటాషియం మరీ తగ్గితే ఆ చానెళ్లే సన్నగిల్లి, కారుడుదే పైచేయి అవుతుంది. పొర పైకి జరిగి, సోడియం చానెళ్లు మొరాయించి, కండరం పడిపోతుంది.

చేయాల్సినవి: థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి, ముఖ్యంగా మగవాళ్లలో. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే వస్తుంది, దాన్ని సరిచేస్తే పోతుంది. దాడి సమయంలో మింగగలిగితే పొటాషియం క్లోరైడ్ ద్రావణం నోటిద్వారానే మంచిది. గ్లూకోజు సీసా పెట్టకూడదు, ఇన్సులిన్ పెరిగి పొటాషియం ఇంకా పడుతుంది. నీరసంగా ఉన్నాడని ముందు గ్లూకోజే ఎక్కించడం మన దగ్గర మామూలు, అందుకే నొక్కి చెబుతున్నాం. తేరుకునేటప్పుడు కండరంలోంచి పొటాషియం తిరిగి వస్తుంది కనుక హద్దు మీరి ఇచ్చినా ప్రమాదమే, గంటగంటకూ చూడాలి.

పొటాషియం 6.8 అని రిపోర్టు వచ్చింది, మళ్లీ తీస్తే 4.3. ఏది నమ్మాలి?
— ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ

ఎక్కువసార్లు రెండోదే. ఎర్రకణాల్లో పొటాషియం రక్తరసంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సన్నని సూదితో బలంగా లాగితే కణాలు పగిలి బయటికొస్తుంది. పట్టీ బిగించి పిడికిలి పదేపదే మూసి తెరిపించినా పెరుగుతుంది. సీరం వేరుచేయకుండా రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకో తప్పు. చలికి పంపు ఆగుతుంది, దారులు ఆగవు, పొటాషియం కారిపోతుంది. రెండు గంటల్లో వేరుచేయాలి. ఊదారంగు మూత ట్యూబులో, రక్తం గడ్డకట్టకుండా కాల్షియాన్ని పట్టేసే పొటాషియం ఈడీటీఏ ఉంటుంది. అందులోంచి ఎర్రమూత ట్యూబులోకి పోస్తే పొటాషియం ఆకాశానికీ, కాల్షియం పాతాళానికీ పోతాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందు ట్యూబుల్ని అనుమానించండి.

కానీ రోగికి కిడ్నీ జబ్బు ఉండి, ఈసీజీలో టీ తరంగాలు ఎత్తుగా ఉంటే రెండో రిపోర్టు కోసం ఆగకూడదు. పొటాషియం 4 నుంచి 8కి పెరిగితే నెర్న్‌స్ట్ అంకె −95 నుంచి −76కి లేస్తుంది. గుండె కండరంలో సోడియం చానెళ్లు మొరాయించడం మొదలవుతుంది. 10 శాతం కాల్షియం గ్లూకొనేట్ 10 మిల్లీలీటర్లు నిదానంగా సిరలోకి ఇస్తారు. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను అరగంట, గంట కాపాడుతుంది. ఆ లోపల 10 యూనిట్ల ఇన్సులిన్, 25 గ్రాముల గ్లూకోజుతో పొటాషియాన్ని కణాల్లోకి తోయాలి, తర్వాత కొన్ని గంటలపాటు షుగర్ పడిపోకుండా చూసుకోవాలి.